గోదావరి ప్రజల కాటన్ దొర

ప్రత్యేక సంచికకు నదుల గురించి ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. నదుల శాస్త్రం చెప్పేటంత చదువు నాకు లేదు. ముప్పై అయిదేళ్లు ఇరిగేషన్ కచేరీల్లో గుమాస్తాగిరీ చేసి, కాలువల ఎస్టిమేట్లూ, గండ్ల రిపోర్టులూ, లస్కర్ల జీతాల బిల్లులూ రాసుకుంటూ రిటైరయినవాణ్ణి. అయితే ఆ కాగితాల్లో ఏ పాత ఫైలు తిరగేసినా అడుగున ఒక పేరు కనిపించేది. ఆ పేరుగల మహనీయుని జీవితాన్ని నాకు తెలిసినంత మేరకు పాఠకుల ముందుంచుతున్నాను. ఆయన సర్ ఆర్థర్ థామస్ కాటన్. గోదావరి జిల్లాలవారికి కాటన్ దొర.

డెల్టాలో చాలా ఊళ్లలో ఆయన విగ్రహం ఉంది. ఏటా మే 15న ఆయన జయంతికి దండలు వేస్తారు. కానీ ఆ ఆనకట్ట కట్టడానికి ఆయన నదితో ఎంత పోరాడారో కాగితాలతోనూ అంత పోరాడారని తెలిసినవారు తక్కువ. జీవితమంతా కాగితాల మధ్య గడిపిన మనవంటివారు తెలుసుకోదగిన సంగతి అది.

కొలువులో తొలి రోజులు

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. పెద్ద కుటుంబం. అన్నదమ్ములలో పలువురు మన దేశంలోనే కొలువులు చేశారు. ఆర్థర్ పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కూంబ్ సైనిక పాఠశాలలో చేరి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో అధికారిగా నియమితులై, 1821లో మద్రాసుకు వచ్చారు. అప్పటికి ఆయన వయసు పద్దెనిమిది. మన పిల్లలు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండే వయసన్నమాట.

తొలి రోజుల్లో పాంబన్ జలసంధి సర్వే చేశారు. 1824-26 నాటి మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నారు. 1828లో కావేరి పనులు ఆయన చేతికి వచ్చాయి. అక్కడినుంచే ఆయన అసలు జీవితం మొదలయిందని చెప్పాలి.

కావేరి నేర్పిన పాఠం

తిరుచిరాపల్లికి ఎగువన కావేరి రెండు పాయలవుతుంది. ఒకటి తంజావూరు మాగాణులకు నీరిచ్చే కావేరి, రెండోది కొల్లిడం. కొల్లిడం అడుగు పల్లంగా ఉండటంతో నీరంతా ఏటికేడు అటే జారిపోయి, కావేరి పాయ ఇసుక మేట వేసుకుపోతున్నది. ఇలాగే కొనసాగితే తంజావూరు బీడుపడే పరిస్థితి. కాటన్ కొల్లిడం పాయకు అడ్డంగా ఎగువ ఆనకట్టను 1836లో కట్టించారు. దిగువన మరొకటి కట్టించారు. తంజావూరు సీమ నిలబడింది.

ఇక్కడ చెప్పుకోవలసిన విశేషం ఒకటుంది. ఇసుక అడుగు మీద కట్టడం నిలబెట్టే కీలకం ఆయనకు ఇంగ్లండు చదువులో దొరకలేదు. కరికాల చోళుడు కట్టించినట్టు చెప్పుకునే కల్లణై కావేరి మీద అప్పటికి ఎన్నో వందల ఏళ్లుగా నిలిచి ఉంది. దాన్ని ఆయన శ్రద్ధగా పరిశీలించారు. పెద్ద పెద్ద రాళ్లు నదిలో వేస్తే అవి కొంతదూరం ఇసుకలోకి దిగి, పట్టు చిక్కాక నిలుస్తాయనీ, వాటి మీద కట్టుకుంటూ పోవచ్చుననీ మన పూర్వులు కనిపెట్టిన సంగతి గ్రహించారు. ఆ విద్య మన దేశపు పనివారి దగ్గరే నేర్చుకున్నానని దాచుకోకుండా రాసిపెట్టారు. పెద్ద హోదాలో ఉన్నవారు ఇలా ఒప్పుకోవడం మన సర్వీసులో మనం ఎన్నిసార్లు చూశాం?

ఈ మధ్య ఆరోగ్యం చెడి సెలవు మీద వెళ్లారు. 1841లో టాస్మేనియాలో ఎలిజబెత్ లియర్‌మంత్ అనే ఆమెను వివాహమాడారు. 1843లో మన దేశానికి తిరిగి వచ్చారు. విశాఖపట్నం తీరాన్ని సముద్రం కోసివేయకుండా రాతి కట్టలు వేసే పని చూశారు. తరువాత ఆయన దృష్టి గోదావరి మీద పడింది.

నీళ్ల ఒడ్డున ఆకలి

ఆనాటి గోదావరి సీమ పరిస్థితి ఈనాటివారు ఊహించలేరు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చే నది ఇంటి ముందు పారుతున్నా, ఇంట్లో గింజ లేని రోజులవి. వరద వస్తే ముంపు, వెళ్లిపోతే ఎండు. 1832-33లో నందన కరువు వచ్చింది. గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. గోదావరి సీమ కూడా దెబ్బతిన్నది. అది తేరుకోకముందే 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును ముంచివేసింది.

లెక్కలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 1821 ప్రాంతంలో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1840ల నాటికి అది సుమారు 5 లక్షల 61 వేలకు దిగిపోయింది. ఇరవై ఏళ్లలో జనాభా పెరగవలసింది పోయి, నలుగురిలో ఒకరు లేకుండా పోయారు. చచ్చినవారు చావగా, తక్కినవారు వలసపోయారు.

ఇదంతా దేవుడు చేసిందే అనుకోకూడదు. జమీందారీల అప్పులు, కంపెనీ శిస్తుల వసూళ్లు, పాడైపోయిన చెరువులను, కాలువలను పట్టించుకోని పాలన, ఇవన్నీ కలిసి రైతును నేల కరిపించాయి. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారి జిల్లా తిరిగి, ఈ దుస్థితిని ప్రభుత్వానికి నివేదించి, గోదావరి నీటిని వాడుకోవడం తప్ప గతి లేదని సూచించారు.

ఫైలు కదిలిన విధం

కాటన్ 1844 ఆగస్టులో తొలి రిపోర్టు, 1845 ఏప్రిల్‌లో రెండోది సమర్పించారు. ఒక గుమాస్తాగా నాకు ఈ ఘట్టమంటే ఎంతో ఇష్టం.

ఆకలి గురించి రాస్తే జాలిపడతారు గానీ శాంక్షను చేయరని ఆయనకు తెలుసు. అందుకని జిల్లా పడుతున్న బాధను చెబుతూనే లెక్క చూపించారు. తంజావూరును పక్కన పెట్టి పోల్చారు. అక్కడ నీటి కట్టడాలున్నాయి కాబట్టి జనమూ బాగున్నారు, శిస్తూ బాగా వస్తున్నది. గోదావరికి నీరు అంతకంటె ఎక్కువ, నేల అంతకంటె తక్కువది కాదు, అయినా జనమూ లేరు, రాబడీ లేదు. తేడా ఒక్క ఆనకట్టే. ఆనకట్టకయ్యే ఖర్చు సుమారు 4 లక్షల 75 వేల రూపాయలని అంచనా వేశారు. పెరిగే శిస్తుతో ఆ ఖర్చు తీరిపోగా లాభం మిగులుతుందని వాదించారు.

కంపెనీవారు ధర్మానికి డబ్బు ఇచ్చారనుకోవడం పొరపాటు. ఆదాయం కనిపించింది కాబట్టి ఇచ్చారు. ఆ పైవారికి అర్థమయ్యే భాషలో కింది జనం బాధను రాయగలగడమే కాటన్ నేర్పు. లండనులోని కంపెనీ డైరెక్టర్ల ఆమోదం వచ్చేసరికి 1846 ముగిసిపోయింది. 1847లో ధవళేశ్వరం దగ్గర పని ప్రారంభమయింది.

ఆనకట్ట నిర్మాణం

శాంక్షనయితే వచ్చింది గానీ అడిగినంతమంది ఇంజనీర్లను ఇవ్వలేదు. చేతికి వచ్చిన కొద్దిమందిలో అనుభవం లేని కుర్రవాళ్లకు ఆయనే సర్వే నేర్పి పని చేయించుకోవలసి వచ్చింది. స్టాఫు తక్కువ, పని ఎక్కువ అనే మాట మన కాలంలో పుట్టింది కాదన్నమాట!

ధవళేశ్వరాన్ని ఎంచుకోవడంలోనే సగం విజయముంది. అక్కడ నది సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. అయితే మధ్యలో లంకలున్నాయి. అందువల్ల నదిని ఒక్క గోడతో మూయనక్కరలేకుండా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టవచ్చు. నాలుగూ కలిపి కట్టుబడి పొడవు సుమారు 12 వేల అడుగులు. ఒడ్డునే ధవళేశ్వరం కొండ ఉంది, రాయి అక్కడే దొరుకుతుంది. కొండ పగలగొట్టి, పట్టాల మీద తోపుడు బండ్లతో రాయి నదికి చేర్చారు. టేకు దుంగలు ఎగువ అడవుల నుంచి వచ్చాయి.

గోదావరి అడుగున ఎంత తవ్వినా ఇసుకే. కాబట్టి ఇసుకలోకి బావులు దింపి, వాటి మీద కట్టుబడి లేపి, నీరు దూకే దిగువ వైపున కోసివేయకుండా పెద్ద రాళ్ల పరుపు పరిచారు. కావేరి దగ్గర నేర్చిన పాఠం గోదావరిలో ఇలా అక్కరకు వచ్చింది.

రోజుకు సుమారు పదివేల మంది కూలీలు పనిచేశారు. ఎండాకాలంలో కట్టింది వరదలు రాకముందే నిలబడగలిగే స్థితికి తేవాలి. లేకపోతే ఏడాది శ్రమ ఒక్క రాత్రిలో సముద్రం పాలవుతుంది. అంతమందిని కూడగట్టి, వారి మంచిచెడ్డలు చూసి, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవారు వీణెం వీరన్న గారు. ఆయన తెలుగువారు. కాటన్ తమ కాగితాల్లో వీరన్న గారి సేవను మెచ్చుకున్నారు. ప్రభుత్వం ఆయనకు రాయబహదూర్ బిరుదునిచ్చింది. కాటన్ పేరు తలచినప్పుడల్లా వీరన్న గారి పేరూ, పేర్లు తెలియని ఆ పదివేల మందినీ తలచుకోవడం మన ధర్మం.

ఎండల్లో తిరిగి తిరిగి 1848లో కాటన్ ఆరోగ్యం పూర్తిగా దెబ్బతిన్నది. ఆస్ట్రేలియాకు సెలవు మీద వెళ్లవలసి వచ్చింది. ఆయన లేని కాలంలో కెప్టెన్ ఓర్ పని నడిపించారు. 1850లో తిరిగివచ్చిన కాటన్ మళ్లీ పనిలో దిగారు. 1852లో ఆనకట్ట పూర్తయింది.

ఆనకట్ట కడితే సరిపోదు, నీరు పొలానికి చేరాలి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలు, లాకులు, తూములు తయారయ్యాయి. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువనే దాటించడానికి లెఫ్టినెంట్ హేగ్ 49 వంపులతో అక్విడక్టు కట్టించారు. నీటి మీద నీరు నడవడం చూడటానికి జనం బండ్లు కట్టుకుని వెళ్లి ఉంటారు! విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్టను అదే కెప్టెన్ ఓర్ 1852-55 మధ్య కట్టించారు. దానికీ కాటన్ ప్రోత్సాహం ఉంది.

ఫలితం ఏమిటో డెల్టాలో పుట్టినవారికి వేరే చెప్పనక్కరలేదు. సార్వా, దాళ్వా అనే మాటలు ఇంటి మాటలయ్యాయి. కాలువల్లో పడవలు ధాన్యం మోసుకుపోయాయి. 1891 జనాభా లెక్కలనాటికి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది. మధ్యలో జిల్లా సరిహద్దులు కొంత మారిన మాట నిజమే అయినా, వలసపోయిన సీమకే జనం వలస వచ్చారన్నది అంతకంటె నిజం. పుణ్యస్నానాల వేళ సంకల్పంలో ఆయన పేరు కలుపుకున్న పండితులూ, పుష్కరాల్లో ఆయన పేర తర్పణం విడిచినవారూ ఉన్నారు. సముద్రం దాటి వచ్చిన పరాయి మతస్థుడికి ఇంతటి గౌరవం ఇచ్చారంటే, కడుపు నిండిన కృతజ్ఞత ఎంతటిదో చూడండి.

బోనులో నిలబడ్డ వృద్ధుడు

1861లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. కొలువు చాలించి ఇంగ్లండు చేరారు. అక్కడితో విశ్రాంతి తీసుకోవచ్చు. తీసుకోలేదు.

మన దేశంలోని నదులన్నిటినీ పడవలు నడిచే కాలువలతో కలపాలని ఆయన కోరిక. అలా చేస్తే ఒకచోట కరువు వస్తే మరొకచోటి ధాన్యం తక్కువ ఖర్చుతో చేరుతుంది, అదే కాలువ పొలానికీ నీరిస్తుంది. ప్రభుత్వం మాత్రం డబ్బంతా రైళ్ల మీద పెడుతున్నది. దీని మీద ఆయన ఆపకుండా రాశారు, ఉపన్యాసాలిచ్చారు, శత్రువులను తెచ్చుకున్నారు.

ఆయన చెప్పినవన్నీ ఫలించాయని నేననను. తుంగభద్ర నీటిని మళ్లించడానికి ఆయన ప్రోద్బలంతో ఒక కంపెనీ కర్నూలు-కడప కాలువ తవ్వింది. నల్లరేగడిలో మెట్టపంటలకు అలవాటుపడ్డ రైతులు నీటి పన్ను కట్టి ఆ నీటిని తీసుకోలేదు. కంపెనీ నష్టపోయింది. 1882లో కాలువను ప్రభుత్వం తీసుకోవలసి వచ్చింది. డెల్టాలో నడిచిన లెక్క రాయలసీమలో నడవలేదు. ఆయన ప్రత్యర్థులు దీన్ని ఎత్తిచూపారు.

ఇంతలో 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ కరువులో గోదావరి, కృష్ణా డెల్టాలు తాము నిలబడి ఇతరులకూ ధాన్యం పంపాయి. కాటన్ చెబుతూ వచ్చినదానికి ఇంతకంటె రుజువేం కావాలి? అయినా 1878లో బ్రిటిష్ పార్లమెంటు వేసిన కమిటీ ఆయనను పిలిచి, ముద్దాయిని ప్రశ్నించినట్టు ప్రశ్నించింది. అప్పటికి ఆయన వయసు డెబ్భై అయిదు, అంటే మనలో చాలామంది వయసే. నీటి పనుల నష్టాలన్నీ ఆయన ముందు పెట్టారు. ఆయన తగ్గలేదు. కమిటీ ఆయన మాట ఆమోదించనూ లేదు.

చివరి రోజులు

ఆ తరువాత కూడా ఆయన మూలన కూర్చోలేదు. డార్కింగ్ అనే ఊళ్లో స్థిరపడి, ఇంటి పెరట్లో నేలను లోతుగా తవ్వి గోధుమ పండించి, చిన్న చెక్కలో ఎక్కువ పంట ఎలా తీయవచ్చో పరీక్షలు చేశారు. అరబ్బీ భాష మీద మక్కువతో, కొత్తగా నేర్చుకునేవారికి ఒక చిన్న పుస్తకం రాసి 1876లో ప్రచురించారు. ఉద్యోగం పోగానే రోజు ఎలా గడపాలా అని దిగులుపడే మనవారికి ఇది వినదగిన సంగతి. 1899 జులై 24న, తొంభై ఆరేళ్ల వయసులో కన్నుమూశారు. మరుసటి సంవత్సరం ఆయన కుమార్తె లేడీ హోప్ ఆయన జీవితచరిత్రను వెలువరించారు.

ఆయన పోయాక కూడా ఆనకట్ట పనిచేసింది. దాని ఎత్తు పెంచారు, తలుపులు అమర్చారు. చివరికి పాతబడటంతో 1970-82 మధ్య 175 గేట్లతో కొత్త బ్యారేజి కట్టి, దానికి ఆయన పేరే పెట్టారు. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, ఈ కొత్త బ్యారేజి నిలబడుతుందా అని మా కచేరీలో రాత్రింబవళ్లు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. చాలాచోట్ల గట్లు తెగి, ఊళ్లు మునిగాయి. బ్యారేజి నిలిచింది.

ఇప్పటి అడ్డంకులు

కాటన్ ముందున్న అడ్డంకులు ఇసుక, వరద, జ్వరం, పైవారి అనుమానం. ఇప్పటి అడ్డంకులు వేరు. వీటిని మనమే తయారుచేసుకున్నాం. కాలువల్లో గుర్రపుడెక్క పెరుగుతుంది. మురుగు కాలువలు పూడి, వానాకాలం పొలంలో నీరు నిలుస్తుంది. ఊరి మురుగు, చెరువుల ఉప్పునీరు అదే కాలువలో కలుస్తాయి, కిందివాళ్లు ఆ నీరే తాగాలి. గట్ల మీద ఇళ్లు లేస్తాయి. ఇసుక కోసం నది అడుగు తవ్వేస్తారు. ఎగువ నుంచి వేసవి నీరు తగ్గిన కొద్దీ సముద్రపు ఉప్పు పాయల్లోకి ఎగదన్నుతుంది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు వేలాది ఎకరాలు సాగు మానివేసి పంట విరామం ప్రకటించారు. ధర గిట్టకపోవడంతో పాటు మురుగు దిగకపోవడం కూడా దానికి ఒక కారణం. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడను ముంచింది మహానది కృష్ణ కాదు, బుడమేరు. ఆ వాగు నడిచే దారిని ఇరుకు చేసుకున్నది మనం.

నేను కచేరీలో చూసిన సంగతి ఒకటి చెబుతాను. కొత్త పనికి డబ్బు వచ్చేది, శంకుస్థాపన జరిగేది. పూడిక తీతకూ, గేట్లకు గ్రీజు పెట్టడానికీ, గట్టు మీద తిరిగే లస్కరు పోస్టుకూ రాసిన ప్రతిపాదనలు మాత్రం మళ్లీ మళ్లీ తిరిగివచ్చేవి. ఖాళీ అయిన లస్కరు పోస్టు ఖాళీగానే ఉండిపోయేది. గట్టుకు ఎలుక బొక్క పెట్టిందని ముందుగా చూసేవాడు లస్కరు. అది చూసేవాడు లేకపోతే గండి పడ్డాక లక్షలు పోయాలి. కాటన్ కట్టినది నూట ఇరవై ఏళ్లకు పైగా నిలవడానికి ఆయన ప్రతిభ ఒక కారణం. ఆయన తరువాత ప్రతి వేసవిలో కాలువ కట్టేసి మరమ్మతు చేసిన పేరు తెలియని ఉద్యోగులు రెండో కారణం. వారిలో మన సంఘ సభ్యులూ ఉన్నారు.

నది తనంతట తాను అన్నం పెట్టదు. దాన్ని కనిపెట్టుకుని ఉండేవారుంటేనే పెడుతుంది. కాటన్ జీవితంలో నాకు అర్థమయిన సారం ఇదే.

మనం రిటైరయ్యాం. శాంక్షను చేసే అధికారం మనకు ఎప్పుడూ లేదు, ఇప్పుడసలే లేదు. అయినా మనకు కాలువల నడక తెలుసు, అర్జీ ఎలా రాయాలో తెలుసు, ఎవరికి రాయాలో తెలుసు. మన ఊరి మురుగు కాలువ పూడిపోతే, గట్టు ఆక్రమణకు గురయితే, లెక్కతో సహా ఒక అర్జీ రాద్దాం. జవాబు రాకపోతే జ్ఞాపిక పంపుదాం. డెబ్భై అయిదో ఏట పార్లమెంటు కమిటీ ముందు నిలబడ్డ మనిషిని తలచుకుంటే, మనకది పెద్ద పని కాదు. సెలవుల్లో మనవలు వచ్చినప్పుడు వారిని ధవళేశ్వరం తీసుకువెళ్లి కాటన్ మ్యూజియం చూపించండి. ఆ తరువాత బ్యారేజి మీద కాసేపు నిలబెట్టి, తాము తినే అన్నం ఏ దారిన వచ్చిందో చెప్పండి.

ఆ మహనీయునికీ, వీణెం వీరన్న గారికీ, రాళ్లు మోసిన పదివేల మందికీ నా నమస్సులు.